పడినవాడు ఏ స్థానం నుండి పడ్డాడు? లూకా 10:18పై ఒక పరిశీలన

లూకా సువార్త పదవ అధ్యాయంలో యేసు పలికిన ఒక చిన్న వాక్యం ఆదిసంఘపు కాలం నుండి నేటి వరకు వ్యాఖ్యాతలను ఆలోచనలో పడవేస్తూనే ఉంది. ఆయన తనకు ముందుగా ఇద్దరిద్దరిని చొప్పున ఊళ్లకు పంపిన డెబ్బదిమంది శిష్యులు తిరిగి వచ్చి, "ప్రభువా, దయ్యములు కూడ నీ నామమువలన మాకు లోబడుచున్నవి" అని సంతోషంతో చెప్పుకొన్నారు. దానికి ఆయన "సాతాను మెరుపువలె ఆకాశమునుండి పడుట చూచితిని" అని బదులిచ్చాడు. వారు చెప్పినదానికీ ఆయన అన్నదానికీ పొంతన వెంటనే కనబడదు. ఎప్పుడు చూశాడు, ఏ ఆకాశం నుండి పడడం చూశాడు, పడినవాడు ఆ తరువాత ఏమయ్యాడు అన్న ప్రశ్నలకు ఆ వాక్యం తనంతట తాను జవాబివ్వదు. ఇదే సువార్త ఇరవై రెండవ అధ్యాయంలో అదే సాతాను ఇస్కరియోతు యూదాలో ప్రవేశించాడని లూకాయే రాశాడు కాబట్టి, పడిపోవడమంటే నశించిపోవడం కాదన్నంత మటుకు మాత్రం తేటగా తెలుస్తుంది.

ఈ వాక్యాన్ని ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు సంఘాలు వినే సందర్భం వేరు. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ, జయపురం ప్రాంతాలలో తెలుగు, ఒడియా, సవర, కువి భాషల ఆరాధనలు పక్కపక్కనే జరుగుతుంటాయి. జర్మనీలోని బ్రెక్లుమ్ నుండి లూథరన్ మిషనరీలు 1882లో జయపురం సంస్థానానికి బయలుదేరి వచ్చిన నాటి నుండి కోరాపుట్ వైపు, బాప్టిస్టు మిషనరీల కృషి వల్ల పర్లాకిమిడి కొండల వైపు సువార్త వేళ్లూనుకొంది. 2011 జనాభా లెక్కల ప్రకారం గజపతి జిల్లా జనాభాలో మూడోవంతుకు పైగా క్రైస్తవులే. ఇక్కడి స్వస్థత కూటాలలో, ఉపవాస ప్రార్థనలలో లూకా 10:18, 19 వచనాలు తరచుగా వినబడతాయి. అవి వినబడేది ఎక్కువగా దయ్యాలను వెళ్లగొట్టే ప్రార్థనకు ముందే. చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మనుషులను కొట్టి ఊరి నుండి తరిమిన, కొన్నిచోట్ల చంపిన ఘటనలు ఈ కొండ ప్రాంతాలలో జరిగాయి. మంత్రగత్తె అన్న నెపంతో మనిషిని వేధించడాన్ని నేరంగా పరిగణిస్తూ ఒడిశా 2013లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. ఇలాంటి నేల మీద సాతాను గురించిన ఒక వచనాన్ని ఎలా బోధిస్తున్నామన్నది పండితుల తీరిక చర్చగా మిగిలిపోదు. ఆ బోధ ఏదో ఒక ఇంటి గుమ్మం దాకా వెళుతుంది.

మన ప్రసంగ వేదికల మీద ఎక్కువగా వినబడే వివరణ ఇది: సృష్టికి ముందు సాతాను ఒక ప్రధాన దూత, గర్వించి దేవునిపై తిరగబడ్డాడు, అప్పుడు పరలోకం నుండి త్రోయబడ్డాడు, ఆ పతనాన్నే యేసు గుర్తు చేస్తున్నాడు. దీనికి ఆధారంగా యెషయా పద్నాలుగవ అధ్యాయంలోని "తేజోనక్షత్రమా, వేకువచుక్కా, నీవెట్లు ఆకాశమునుండి పడితివి?" అన్న వచనాన్ని చూపుతారు. ఈ రెండు వచనాలను జతచేసి చదవడం కొత్తేమీ కాదు. మూడవ శతాబ్దపు అలెగ్జాండ్రియా పండితుడు ఒరిజెన్ అప్పుడే ఆ పని చేశాడు. అయితే యెషయా ఆ అధ్యాయం నాలుగవ వచనంలోనే ఇది బబులోను రాజును గూర్చిన అపహాస్యపు పాట అని స్పష్టంగా చెప్పాడు. ఆకాశానికి ఎక్కుతానని విర్రవీగిన ఒక రాజు పాతాళానికి దిగిపోయాడన్నది ఆ పాట సారం. దానిని సాతాను జీవితచరిత్రగా మార్చినప్పుడు లూకాలోని సంభాషణ తెగిపోతుంది. శిష్యులు నిన్న మొన్న ఊళ్లలో జరిగినదాన్ని చెబుతుంటే ప్రభువు యుగాల క్రితం జరిగిన సంగతికి ఎందుకు వెళ్లాడన్న ప్రశ్నకు ఈ వివరణలో బలమైన సమాధానం లేదు.

అయినా ఈ పాత వివరణను పూర్తిగా పక్కన పెట్టేయడం తొందరపాటే అవుతుంది. ఆరవ శతాబ్దపు పోపు గొప్ప గ్రెగరీ ఈ మాటను శిష్యుల గర్వాన్ని అణచడానికి చెప్పిన హెచ్చరికగా చదివాడు: అధికారం చూసుకొని ఉప్పొంగినవాడికి ఏ గతి పట్టిందో చూడండి అని ప్రభువు అంటున్నాడన్నది ఆయన భావం. ఈ చదువు నాకు చాలా విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే యెషయా పాట నిజంగానే ఈ అధ్యాయంలో మారుమోగుతోంది. మన వచనానికి మూడు వచనాల ముందే యేసు కపెర్నహూమును చూసి "ఆకాశము మట్టుకు హెచ్చింపబడెదవా? నీవు పాతాళమువరకు దిగిపోయెదవు" అన్నాడు. అవి బబులోను రాజును గూర్చిన మాటలే. ఆ మాటలు ఇక్కడ తగిలినది సాతానుకు కాదు, ఎన్నో అద్భుతాలు చూసి కూడా మారుమనస్సు పొందని ఒక ఊరికి. అందువల్ల సాతాను పడడాన్ని విన్న శిష్యుడు ముందుగా ఎదుటివారిలో దయ్యాన్ని వెతకకుండా, ఆకాశమంత హెచ్చించుకోవాలన్న కోరిక తనలోనే ఉందా అని చూసుకోవాలి. లూకా ఈ అధ్యాయాన్ని ఆ వరుసలోనే పేర్చాడు.

ఇంకొందరు దీనిని రాబోయే అంత్యదినాన్ని గూర్చిన దర్శనంగా చదివారు. యెహెజ్కేలు, దానియేలు చూసినట్లే యేసు కూడా ముందు జరగబోయేదాన్ని ముందే చూశాడని వారి అభిప్రాయం. యోహాను సువార్త పన్నెండవ అధ్యాయంలో సిలువకు ముందు ఆయన "ఇప్పుడు ఈ లోకాధికారి బయటకు త్రోసివేయబడును" అన్న మాట దీనికి దగ్గరగా ఉంది. ఇందులో తప్పు పట్టవలసినది లేదు, కాని లూకా కథనంలో దానికన్నా దగ్గరి ఆధారమే ఉంది. గ్రీకు మూలంలో చూడడాన్ని తెలిపే క్రియ కొనసాగుతున్న పనిని సూచిస్తుంది. మీరు ఊళ్లలో తిరుగుతూ ఉండగా నేను చూస్తూ ఉన్నాను అన్న అర్థానికి అక్కడ చోటుంది. తరువాతి అధ్యాయంలో ఆయన "దేవుని వ్రేలితో" దయ్యములను వెళ్లగొట్టుచున్న యెడల దేవుని రాజ్యం మీ యొద్దకు వచ్చియున్నదని చెప్పి, ఆ వెంటనే ఆయుధాలు ధరించిన బలవంతుని కంటె బలవంతుడు వచ్చి అతన్ని జయించే ఉపమానం చెప్పాడు. కాబట్టి శిష్యుల ప్రయాణంలోనే, వారు రోగులను స్వస్థపరచి రాజ్యం సమీపించిందని చెబుతున్న వేళనే ఆ పతనం మొదలైందని చదవడం కథనానికి బాగా ఇమిడిపోతుంది. ఆ ప్రయాణానికి వారు సంచి, జాలె, చెప్పులు కూడా తీసుకుపోలేదు. ఏ ఇంట ప్రవేశించినా మొదట "ఈ యింటికి సమాధానమగుగాక" అన్నారు, పెట్టినది తిన్నారు. వారి సంఖ్య విషయంలో ప్రాచీన ప్రతులు డెబ్బది అని కొన్ని, డెబ్బది ఇద్దరు అని కొన్ని చెబుతున్నాయి. ఆదికాండం పదవ అధ్యాయంలోని జనాంగాల పట్టికలో కూడా హెబ్రీ, గ్రీకు పాఠాల మధ్య ఇదే తేడా కనబడుతుంది. సమస్త జనాలకు వెళ్లే సువార్తకు అది ముంగుర్తు అని చాలామంది ఒప్పుకొంటారు.

ఇంతవరకు "ఎప్పుడు" అన్న ప్రశ్న. నా దృష్టిలో "ఎక్కడి నుండి" అన్నదే అసలు ముడి, దాన్ని విప్పితే మిగిలినవి వాటంతట అవే విడివడతాయి.

సాతాను ఆకాశం నుండి పడ్డాడంటే అంతకుముందు అతనికి అక్కడ ఏదో స్థానం ఉండాలి. ఆ స్థానం ఏమిటో పాత నిబంధన రెండు చోట్ల చూపించింది. యోబు గ్రంథం మొదటి రెండు అధ్యాయాలలో దేవదూతలు యెహోవా సన్నిధిని నిలిచే దినాన అతడు కూడా వారితో కలిసి వస్తాడు. అక్కడ అతడు సైన్యాన్ని నడిపే తిరుగుబాటుదారుడు కాడు, దేవుని సభలో నిలబడి మనుషుల మీద అనుమానం లేవనెత్తేవాడు. "యోబు ఊరకయే దేవునియందు భయభక్తులు గలవాడాయెనా?" అన్నది అతని ప్రశ్న. లాభం లేకుండా ఎవరూ మంచిగా ఉండరని, కంచె తీసేస్తే ఈ మనిషి నిజస్వరూపం బయటపడుతుందని అతని వాదం. జెకర్యా మూడవ అధ్యాయంలో ప్రధానయాజకుడైన యెహోషువ మురికి బట్టలతో దేవదూత ఎదుట నిలిచి ఉండగా, అతని మీద ఫిర్యాదు చేయడానికి సాతాను కుడిపక్కన నిలబడ్డాడు. అక్కడ యెహోవా ఫిర్యాదును విచారణకు కూడా స్వీకరించలేదు. ఫిర్యాదు చేసినవాణ్ణి గద్దించి, యెహోషువ బట్టలు మార్పించాడు. ప్రకటన గ్రంథం పన్నెండవ అధ్యాయం ఈ రెంటినీ కలిపి, ప్రధానదూత మిఖాయేలు సాతానుతో చేసిన యుద్ధం తరువాత పరలోకంలో వినబడిన గొప్ప స్వరాన్ని రాసింది: "రాత్రింబగళ్లు మన దేవునియెదుట మన సహోదరులమీద నేరము మోపువాడైన అపవాది పడద్రోయబడియున్నాడు."

పరలోకంలో అతడు చేస్తున్న పని ఇదే. ఆ పనికి అతనికి ఉన్న నిలువనీడ పోయిందన్నదే లూకా 10:18లో యేసు చూసిన సంగతి అని నేను నమ్ముతున్నాను. అతని క్రూరత్వం పోలేదు, భూమి మీద అతని తిరుగుడు ఆగలేదు. ప్రకటన గ్రంథమే అతడు తనకు సమయం కొంచెమే అని తెలుసుకొని బహు క్రోధంతో భూమి మీదికి దిగివచ్చాడని చెబుతుంది. కాని మనుషుల మీద నేరం మోపి వారిని దేవుని సన్నిధి నుండి వేరుచేయగల హోదా అతనికి ఇక లేదు. లూకా ఈ అధ్యాయంలో న్యాయసభ అన్న మాట ఎక్కడా వాడలేదు, కాబట్టి ఇది నేను చేస్తున్న ఊహ అని ఎవరైనా అనవచ్చు. ఆ అభ్యంతరాన్ని తీర్చేది ఇరవయ్యవ వచనం. "అయినను దయ్యములు మీకు లోబడుచున్నవని సంతోషింపక మీ పేరులు పరలోకమందు వ్రాయబడియున్నవని సంతోషించుడి" అన్నాడు యేసు. గ్రీకులో ఆకాశానికీ పరలోకానికీ మాట ఒకటే. పరలోకం నుండి ఒకడు పడ్డాడు, అదే పరలోకంలో వీరి పేర్లు ఉన్నాయి. నేరం మోపేవాడు వెళ్లిపోయినచోట నేరం మోపబడినవారి పేర్లు చెరగకుండా నిలిచాయి. ఈ రెండు వచనాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే పద్దెనిమిదవ వచనం శిష్యుల మాటకు సూటి జవాబుగా నిలుస్తుంది.

పేర్లు రాసిన గ్రంథం అన్నది ఇశ్రాయేలీయులకు బాగా పరిచయమైన భావన. మోషే ప్రజల పక్షాన వేడుకొంటూ, వారి పాపాన్ని క్షమించకపోతే నీవు వ్రాసిన గ్రంథంలో నుండి నన్ను తుడిచివేయుమన్నాడు. ఎజ్రా రెండవ అధ్యాయంలో చెర నుండి తిరిగివచ్చిన కొందరు యాజకులు వంశావళుల పుస్తకంలో తమ పేర్లు కనబడక యాజకత్వానికి దూరమయ్యారు. పుస్తకంలో పేరుండడమంటే ఆ పట్టణానికి, ఆ ప్రజలకు చెందినవాడన్న హక్కు. కొటియా గ్రామాలవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య దశాబ్దాలుగా వివాదంలో ఉన్న ఆ కొండ ఊళ్లలో చాలామంది చేతుల్లో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి, ఏ జాబితాలోని పేరు చివరకు నిలుస్తుందోనన్న చింత వారికి నిత్యమూ ఉంటుంది. పేరు తీసేయించడానికి ఎవరో ఫిర్యాదు చేస్తారన్న భయం ఉన్నవాడికే, ఆ ఫిర్యాదుదారుడు ఇక కార్యాలయం గడప తొక్కలేడన్న మాట ఎంత ఊరటో తెలుస్తుంది. యేసు శిష్యులకు ఇచ్చిన సంతోషం ఆ రకమైనది. దానికి వారి సామర్థ్యంతో సంబంధం లేదు.

ఇక మెరుపు సంగతి. ఆ పోలికను లూకా తొమ్మిదవ అధ్యాయంతో కలిపి చదవకపోతే సగం అర్థమే చేతికి వస్తుంది. శిష్యులు అప్పటికే శక్తి విషయంలో మూడుసార్లు తడబడ్డారు. ఒక తండ్రి తన ఒక్కగానొక్క కుమారుణ్ణి పట్టిన దయ్యాన్ని వెళ్లగొట్టమని వేడుకొంటే వారికి చేతకాలేదు. తమతో తిరగని ఒకడు యేసు పేరట దయ్యాలను వెళ్లగొడుతుంటే అతన్ని ఆటంకపరచారు. సమరయుల గ్రామం ఒకటి చేర్చుకోనప్పుడు యాకోబు, యోహాను ఆకాశం నుండి అగ్ని దిగి వీరిని నాశనం చేయాలని ఆజ్ఞాపించమంటావా అని అడిగి గద్దింపు తిన్నారు. ఆకాశం నుండి అగ్ని పడాలని, అది తమను కాదన్నవారి మీద పడాలని వారు కోరుకొన్నారు. పదవ అధ్యాయంలో ఆకాశం నుండి మెరుపువలె పడినది ఒకటే, అది సాతాను. ఏ సమరయుని ఇంటి మీదా ఏదీ పడలేదు. ఆ తరువాత కొద్ది వచనాలకే యేసు దొంగల చేతిలో పడిన మనిషిని కాపాడిన మంచి సమరయుని కథ చెప్పాడు. లూకా కావాలనే ఇలా పేర్చాడని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇక్కడి చేలల్లో మెరుపు ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆ పోలికలోని రెండు గుణాలు సులువుగా అందుతాయి. వైశాఖ జ్యేష్ఠాలలో మధ్యాహ్నం దాటాక మహేంద్రగిరి వైపు మబ్బు కమ్ముకొంటే, దుక్కిలో ఉన్నవారు కాడి విప్పేసి పాకలవైపు పరుగెత్తుతారు. అలవాటు కొద్దీ ఇప్పచెట్టు కిందికో చింతచెట్టు కిందికో చేరినవారికే ముప్పు ఎక్కువ. కొండ అంచు ఒక్క క్షణం పగటికన్నా తెల్లగా కనబడి, కన్ను మూసి తెరిచేలోగా ఆ వెలుగు పోతుంది, ఉరుము ఆ తరువాత ఎప్పటికో దొర్లుకొంటూ వస్తుంది. అది ఎంత వేగంగా పడుతుందో అంత బాహాటంగా పడుతుంది, చూడని కన్ను ఉండదు. యేసు మాటలో మెరుపు సాతాను బలానికి గుర్తు కాదు, అతని పతనం ఎంత హఠాత్తుగా, ఎంత బహిరంగంగా జరిగిందో తెలిపేది. పదిహేడవ అధ్యాయంలో మనుష్యకుమారుని దినాన్ని కూడా లూకా మెరుపుతోనే పోల్చాడు, అక్కడా ఉద్దేశం అదే. పిడుగు పడిన చెట్టును, పిడుగు పడిన ఇంటిని సాతాను ముట్టిన చోటుగా ఈ వచనం ఆధారంగా బోధించడం తప్పు. ఒడిశా ప్రభుత్వం 2015లో పిడుగుపాటును, పాముకాటును రాష్ట్రస్థాయి విపత్తులుగా ప్రకటించి బాధిత కుటుంబాలకు సహాయం అందే మార్గం ఏర్పరచింది. ఆ ఇంటి మీద శాపం ఉందని గుసగుసలాడే సంఘం కన్నా, ఆ సహాయానికి కాగితాలు రాయించిపెట్టే సంఘం సువార్తకు దగ్గరగా ఉంటుంది.

పాముల ప్రస్తావన వచ్చింది కాబట్టి పంతొమ్మిదవ వచనం గురించి ఒక మాట చెప్పాలి. "పాములను తేళ్లను త్రొక్కుటకును శత్రువు బలమంతటిమీదను మీకు అధికారము అనుగ్రహించియున్నాను" అన్న వాగ్దానాన్ని అక్షరాలా పట్టుకొని, పాము కరిచినవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోకుండా ప్రార్థనలో కూర్చోబెట్టిన సందర్భాలు మన ప్రాంతంలో ఉన్నాయి. దిసారి (కొండ ఊళ్లలో పూజలు, నాటువైద్యం చేసేవాడు) దగ్గరకు తీసుకుపోతే అవిశ్వాసమని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయినా అదే అవిశ్వాసమని చెప్పేవారున్నారు. విరుగుడు సూది ఎంత త్వరగా పడితే ప్రాణం నిలిచే అవకాశం అంత ఎక్కువ అన్నది అందరికీ తెలిసిన విషయమే. ఈ వచనం వెనుక తొంభై ఒకటవ కీర్తన ఉంది: "నీవు సింహములను నాగుపాములను త్రొక్కెదవు." అదే కీర్తనను లూకా నాలుగవ అధ్యాయంలో సాతాను ప్రభువుకే వల్లించాడు. దేవాలయ శిఖరం నుండి దూకు, దూతలు నిన్ను ఎత్తుకొంటారని వ్రాయబడియున్నది గదా అన్నాడు. అతడు ఆ కీర్తనలోని పదకొండు, పన్నెండు వచనాలను ఎత్తుకొని, పాములను త్రొక్కే పదమూడవ వచనానికి ముందే ఆపేశాడు. యేసు ఇచ్చిన జవాబు "నీ దేవుడైన ప్రభువును శోధింపవలదు." అంటే కాపుదల వాగ్దానాన్ని పరీక్షగా మార్చమనడం ఎవరి ఆలోచనో సువార్తలోనే రాసి ఉంది. అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయంలో పౌలును పాము కరిచినప్పుడు అతడు దాన్ని వెతుక్కొని పట్టుకోలేదు. పుల్లలు ఏరి మంటలో వేస్తుంటే ఆ వేడికి బయటికి వచ్చి చెయ్యి పట్టుకొంది. ఓడ పగిలి అతడు చేరిన ఆ ద్వీపపు వాసులు మొదట ఇతడు నరహంతకుడై ఉంటాడని నేరం మోపారు, కాసేపటికి దేవుడన్నారు. ఆ రెండు తీర్పులూ తప్పేనని లూకా ఏ వ్యాఖ్యా చేయకుండానే చూపించాడు.

ఇప్పుడు స్వస్థత కూటాల వద్దకు వస్తాను. నేను చూసిన కూటాలలో తరచుగా జరిగేది ఇది. ఆవేశంతో ఊగిపోతున్న ఒక యువతిని ముందుకు తీసుకొస్తారు. కీబోర్డు, డోలక్ ఆగిపోతాయి. పాస్టరుగారు ఆమె నుదుట నూనె రాసి, మైకు దగ్గరగా పెట్టి, "చెప్పు, నిన్ను పంపినదెవరు?" అని గద్దిస్తారు. ఒకసారి, రెండుసార్లు, చాలాసార్లు అడుగుతారు. ఆ ఒత్తిడికి ఆమె నోట చివరకు ఏదో ఒక పేరు వస్తుంది. ఆ పేరు చాలాసార్లు వీధి చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే విధవరాలిది, లేదా పొలం గట్టు విషయంలో ఆ కుటుంబంతో తగాదా ఉన్న మనిషిది అవుతుంది. మైకులో వచ్చిన పేరు ఆ రాత్రికే ఊరంతా తిరుగుతుంది. దయ్యం వదిలిందని కూటంలో హల్లెలూయ అంటారు, కాని ఒక మనిషి మీద నేరం మోపబడింది. అలా పేరు బయటికి వచ్చిన మనిషికి జవాబు చెప్పుకొనే అవకాశం లేదు, సాక్షి లేడు, న్యాయాధిపతి లేడు. యోబు గ్రంథంలో, జెకర్యాలో నేరం మోపేవాడు చేసిన పని ఇక్కడ ప్రభువు నామంలోనే జరిగిపోయింది.

ప్రార్థన చేసే సేవకుల చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. రాత్రంతా మేలుకొని ఎవరి బిడ్డ కోసమో కన్నీళ్లతో వేడుకొనే పాస్టర్లను ఈ కొండల్లో ఎంతోమందిని ఎరుగుదును. నేను అడిగేదల్లా ఆ ఒక్క ప్రశ్నకు సువార్తలో ఆధారం ఎక్కడుందని. గెరసేనుల దేశంలో దయ్యములు పట్టినవాణ్ణి యేసు "నీ పేరేమి?" అని అడిగాడు, సేన అన్న జవాబు వచ్చింది. నిన్ను పంపినదెవరు అని ఆయన అడగలేదు. నాలుగు సువార్తలూ వెతికినా అలా అడిగిన సందర్భం కనబడదు. పైగా లూకా నాలుగవ అధ్యాయం చివర దయ్యాలు కేకలు వేస్తుంటే ఆయన వాటిని గద్దించి మాట్లాడనివ్వలేదని ఉంది. అవి అప్పుడు చెబుతున్నది ఆయన దేవుని కుమారుడన్న నిజమే, అయినా ఆయన ఆ నోటి సాక్ష్యాన్ని స్వీకరించలేదు. దయ్యం నోట వచ్చిన నిజాన్నే ప్రభువు సాక్ష్యంగా తీసుకోనప్పుడు, దయ్యం నోట వచ్చిందని మనం అనుకొంటున్న ఒక పొరుగింటి పేరును సాక్ష్యంగా తీసుకోవడానికి మనకు ఏ అధికారం ఉంది? మూర్ఛ, మానసిక వ్యాధి, ఇంట్లోని హింస వంటి కారణాలతో బాధపడేవారు ఆ ముందు వరుసలో ఎందరున్నారో కూడా సేవకులు ఆలోచించాలి. వారికి ప్రార్థనతో పాటు డాక్టరు కూడా కావాలి.

ఇంత చెప్పాక ఒక చిక్కు మిగిలే ఉంది. నేరం మోపేవాడు పదవ అధ్యాయంలోనే పడిపోయి ఉంటే, ఇరవై రెండవ అధ్యాయంలో యేసు పేతురుతో "సాతాను మిమ్మును పట్టి గోధుమలవలె జల్లించుటకు మిమ్మును కోరుకొనెను" అని ఎలా అన్నాడు? అది యోబు గ్రంథంలోని మనవి లాంటిదే, మళ్లీ అదే సభలో నిలబడి అడిగినట్లే ఉంది. దీనికి పూర్తిగా తృప్తినిచ్చే సమాధానం ఎవరూ ఇవ్వలేదనే నా అభిప్రాయం. లూకా పతనాన్ని ఒక తేదీకి కట్టివేయలేదు, ప్రయాణంలో మొదలై సిలువ దాకా సాగి, చివరి దినాన ముగిసే ఒకే సంగతిగా చూపుతున్నాడని చెప్పవచ్చు. అయినా ఆ వచనంలో రెండో సగం మన చర్చకు మరింత ముఖ్యం: "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని." యోబు కథలో ఫిర్యాదుకు ఎదురుగా యోబు పక్షాన మాట్లాడేవాడు ఆ సభలో కనబడడు. పేతురు విషయంలో కనబడ్డాడు. పౌలు రోమీయులకు రాస్తూ "దేవునిచేత ఏర్పరచబడినవారిమీద నేరము మోపువాడెవడు?" అని ప్రశ్నించి, దేవుని కుడిపార్శ్వమున ఉండి మన కొరకు విజ్ఞాపన చేసే క్రీస్తును చూపింది కూడా ఇందుకే. జెకర్యా దర్శనంలో కుడిపక్కన నిలిచినవాడు ఫిర్యాదుదారుడు. రోమా పత్రికలో కుడిపార్శ్వాన ఉన్నవాడు విజ్ఞాపనకర్త.

సాతాను పతనం ఒక మామూలు ఊరిలో, ఒక మామూలు మనిషి బతుకులో ఎలా కనబడుతుందో తెలుసుకోవాలంటే లూకా పదమూడవ అధ్యాయంలోని నడుము వంగిపోయిన స్త్రీని చూడాలి. పద్దెనిమిది ఏళ్లుగా ఆమె తిన్నగా నిలబడలేకపోయింది. సాతాను ఆమెను బంధించాడని యేసే చెప్పాడు. అయినా ఇది ఎవరు చేశారని ఆయన ఆమెను అడగలేదు, ఆమె ఏ తప్పు చేసిందని చుట్టూ ఉన్నవారిని అడగలేదు. దగ్గరకు పిలిచి, చేతులుంచి, స్వస్థపరిచాడు. సమాజమందిరపు అధికారి విశ్రాంతిదినాన స్వస్థపరచడం తప్పని నేరం ఎత్తినప్పుడు ఆయన ఆమెను "అబ్రాహాము కుమార్తె" అన్నాడు. వంశావళిలో ఆమెకూ చోటుందని ఆమె ఊరివారందరూ వినేలా చెప్పాడు. నేరం ఎత్తినవారు సిగ్గుపడ్డారని, జనసమూహమంతా ఆయన చేసిన ఘనకార్యములన్నిటిని చూసి సంతోషించిందని లూకా రాశాడు.